చూపులేనివాళ్లకు లోకం ఎలా తెలుస్తుంది? కళ్లకు గంతలు కట్టుకుంటే అర్థమవుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "మా ఆఫీసులో కొత్తగా ఒకాయన చేరారు, పుట్టుకతోనే చూపు లేదు. ఆయనకు లోకం ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ చీకట్లో ఉన్నట్టే ఉంటుందా? కళ్లకు గంతలు కట్టుకుని ఒక పూట గడిపితే నాకు అర్థమవుతుందా? మాటల్లో ఏదైనా తప్పు దొర్లుతుందేమోనని టెన్షన్‌గా ఉంది."

ముందు సూటిగా చెప్పేస్తాను. చీకటి కాదు. గంతలు కట్టుకుంటే మీకు తెలిసేది మీ భయమే, ఆయన లోకం తెలియదు. చూపులేని మాకు లోకం చప్పుడుగా, స్పర్శగా, గాలిగా, వాసనగా, కాలి కింద నేలగా తెలుస్తుంది. అదీ మీకు తెలిసినట్టు ఒక్కసారిగా కాదు, ఒకదాని తర్వాత ఒకటిగా. ఈ "ఒకదాని తర్వాత ఒకటి" అన్న ముక్క పట్టుకోండి, మిగతాది దాన్నుంచే వస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. చిన్నప్పుడు రేచీకటితో మొదలై, ముప్పై దాటేసరికి చూపు దాదాపు పోయింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు, మేం ఆర్పీ అనేస్తాం. ఇప్పుడు కిటికీ ఏ వైపుందో తెలుస్తుంది, అదీ మిట్టమధ్యాహ్నం. విజయవాడలో ఇరవై ఏళ్ల పైచిలుకు నుంచి, చూపు తగ్గినవాళ్లకు తెల్లకర్రతో నడవడం, ఫోన్ వాడడం నేర్పుతున్నాను. పుట్టుకతో చూపులేనివాళ్ల గురించి నాకు తెలిసిందంతా నా విద్యార్థులు నేర్పిందే. వాళ్ల లోకం, నా లోకం కూడా ఒకటి కాదు.

చీకటి మాట తీసుకుందాం. మీ వీపుకు ఇప్పుడు ఏం కనిపిస్తోంది? "నల్లగా ఉంది" అనరు కదా. ఆ ప్రశ్నే కుదరదంటారు. పుట్టుకతో చూపులేనివాళ్లకు కళ్ల సంగతి కూడా అంతే. చీకటి అనిపించాలంటే ఎప్పుడో వెలుతురు తెలిసుండాలి. నాలాగా మధ్యలో పోయినవాళ్లలో కూడా చాలామందికి నల్లటి తెర ఏమీ ఉండదు. నాకైతే బూడిదరంగు మీద ఎప్పుడూ ఏవో మెరుపులు, చుక్కలు. అలసిపోయిన రోజు దీపావళే.

పైగా తెల్లకర్ర పట్టుకున్న ప్రతివాళ్లకూ చూపు సున్నా అనుకోకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, బాగున్న కంటికి అద్దాలు పెట్టాక కూడా చూపు 3/60 కంటే తక్కువుంటే అంధత్వమే. అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చే అక్షరాన్ని 3 మీటర్ల నుంచి కూడా పోల్చలేకపోవడం. చూపు పరిధి 10 డిగ్రీల లోపుకు కుంచించుకుపోయినా అంధత్వమే. నాది ఈ రెండో రకం. గొట్టంలోంచి చూసినట్టు ఉండేది. పేపర్లో చిన్న అక్షరాలు చదివేవాణ్ణి, పక్కనున్న టీ గ్లాసును తన్నేసేవాణ్ణి. ఒకసారి బస్సులో పాస్ చూపించి, కర్ర మడిచి ఒళ్లో పెట్టుకుని పేపర్ తీశాను. కండక్టర్ వచ్చి, అందరూ వింటుండగా, "నాటకాలా?" అన్నాడు. దిగాల్సిన స్టాపుకు రెండు స్టాపుల ముందే దిగిపోయాను. ఇప్పటికీ ఆర్పీ ఉన్న కుర్రాళ్లు బయట ఫోన్ తీయడానికి మొహమాటపడుతుంటే నాకు ఆ బస్సే గుర్తొస్తుంది.

ఇక గంతల విషయం. గంతలు కట్టుకున్న పది నిమిషాల్లో మీరు చేసేది చేతులు చాచడం, ఒళ్లు బిగుసుకుపోవడం, బల్లకో తలుపుకో కొట్టుకోవడం. కొత్తగా చూపు పోయి నా దగ్గరకు వచ్చేవాళ్లు కూడా మొదటి వారం ఇలాగే ఉంటారు. నేర్చుకున్న ఆరు నెలలకు అదే మనిషి ఒక్కడే బస్సెక్కి వస్తాడు. గంతలు మీకు ఆ మొదటి వారాన్ని చూపిస్తాయి, ఆరో నెలను చూపించవు. 2015లో అమెరికాలో ఏరియల్ సిల్వర్‌మన్, ఆమెతో పనిచేసినవాళ్లు ఇదే పరీక్షించి అచ్చువేశారు. గంతలు కట్టుకుని తిరిగి చూసినవాళ్లకు, చూపులేనివాళ్లు ఉద్యోగం చేసుకోగలరు, సొంతంగా బతకగలరు అన్న నమ్మకం మిగతావాళ్లకంటే తగ్గింది. సిల్వర్‌మన్‌కూ చూపు లేదు, కాబట్టి ఆవిడకు ఈ అనుమానం ఎందుకొచ్చిందో నేను ఊహించగలను. చీకటి అనుభవమే కావాలనుకుంటే, 1988లో జర్మనీలో ఆండ్రియాస్ హైనెకె మొదలుపెట్టిన 'డైలాగ్ ఇన్ ది డార్క్' పద్ధతి మేలు. హైదరాబాద్ ఇనార్బిట్ మాల్‌కు కూడా అది వచ్చింది. అక్కడ చిమ్మచీకటి గదుల్లో మిమ్మల్ని నడిపించేది చూపులేని గైడే. మీరు తడబడుతుంటే ఆ మనిషి తాపీగా నడుస్తుంటాడు. ఆ తేడా తెలియడమే అసలు లాభం.

మరి తాపీగా ఎలా నడుస్తాం? అడుగులు లెక్కపెడతామని చాలామంది అనుకుంటారు. నేను లెక్కపెట్టను, నా విద్యార్థులకు కూడా వద్దంటాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది. మా ఇంటి దారి చెప్తాను వినండి.

బస్సు దిగగానే కదలను. బస్సు ఎటు వెళ్లిపోయిందో వింటాను. ఆ చప్పుడుతో రోడ్డు ఎటుందో ఖాయమవుతుంది. కుడికి తిరిగితే కర్ర కింద కదిలే మురుగుకాలువ మూత, 'డబ్' అంటుంది. తర్వాత అల్లం టీ వాసన, గ్లాసులు కడిగే చప్పుడు. అక్కడి నుంచి పొడవాటి ప్రహరీ గోడ. గోడ పక్కన నడుస్తుంటే ఎడమ చెవి దగ్గర చప్పుడు మూసుకుపోయినట్టు ఉంటుంది. గోడ అయిపోగానే ఆ చెవి తెరుచుకుంటుంది, చెంపకు గాలి తగులుతుంది. అది మొదటి సందు, మాది కాదు. ఇంకాస్త ముందుకు వెళ్తే ఇస్త్రీ బండి బొగ్గుల వాసన, ఆ వెంటనే పిండిమర. బెల్టు గరగర, వేడి పిండి వాసన. మర దాటిన సందే మాది. ఇంతే. కళ్లున్నవాళ్లు బోర్డులు చూసుకుంటూ నడిచినట్టే ఇది కూడా. కాకపోతే నా బోర్డులు ఒక్కొక్కటే వస్తాయి, తర్వాతది ఏదో నేను ముందే గుర్తుపెట్టుకోవాలి.

ఒక ఆదివారం కరెంటు లేదు, మర కట్టేసి ఉంది. ఇస్త్రీ అతను పెళ్లికి వెళ్లాడట. నేను ఏదో పాట మనసులో పెట్టుకుని సాగిపోయాను. బందరు కాలువ వాసన ముక్కుకు తగిలాక గానీ తెలియలేదు, రెండు సందులు దాటేశానని. వెనక్కి తిరిగి కర్రతో గోడ పట్టుకుని వచ్చాను. మీరు ఆలోచనలో పడి మీ స్టాపు దాటేస్తారు చూడండి, అదే బాపతు.

మా చెవులు మీ చెవులకంటే గొప్పవేం కావు. చెవి పరీక్ష చేస్తే నాకు వయసుకు తగ్గ చెవుడే బయటపడుతుంది. మీరు పట్టించుకోని చప్పుళ్లను మేం పట్టించుకుంటాం, అంతే. ఆగి ఉన్న లారీ చప్పుడు చేయదు, అయినా దగ్గరకు వెళ్తే ముఖానికి ఏదో బరువుగా అనిపిస్తుంది. చాలాకాలం చూపులేనివాళ్లే దీన్ని ముఖానికి తెలిసే స్పర్శ అనుకున్నారు. 1944లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని తేల్చారు. ముఖానికి మందపాటి ముసుగు వేసినా ఆ మనుషులు గోడను ముందే పసిగట్టారు. చెవులు మూసేస్తే గుద్దుకున్నారు. అంటే తగిలి తిరిగొచ్చే చప్పుడే పని చేస్తోంది. డేనియల్ కిష్ అనే అమెరికన్‌కు పసితనంలోనే రెండు కళ్లూ తీసేయాల్సి వచ్చింది. ఆయన నాలుకతో 'టక్ టక్' అంటూ ఆ ప్రతిధ్వనితో సైకిల్ తొక్కుతారు. మన రోడ్ల రొదలో నాలుక చప్పుడు అంతగా పనికిరాదు గానీ, కర్ర మొన నేలకు తగిలే చప్పుడే మాకు ఆ పని చేసిపెడుతుంది. అందుకే కర్ర చివర రబ్బరు బుడిపె తొడిగి "శబ్దం రాకుండా చేశాం సార్" అని ఇంట్లోవాళ్లు గర్వంగా చెప్తే నేను మొదట ఊడబీకేది దాన్నే.

దీనివల్లనే మాకు కష్టమయ్యేవి కూడా మీరు ఊహించేవి కావు. గొడుగు వేసుకుంటే నెత్తిన చినుకుల మోత, చుట్టూ ఏమీ వినపడదు. చప్పుడు లేని బ్యాటరీ స్కూటర్ అంటే నాకు దయ్యంతో సమానం. నిమజ్జనం రోజు వీధిలో డీజే పెడితే మంచు కమ్మినట్టే, ఆ పూట బయటకు వెళ్లను. రాత్రి కరెంటు పోవడం మాత్రం నాకు సమస్యే కాదు. అప్పుడు ఇంట్లో మిగతావాళ్ల చెయ్యి నేను పట్టుకుని నడిపిస్తాను.

స్పర్శ దగ్గరకు వద్దాం. ఇక్కడే చూపున్నవాళ్లకు, చూపులేనివాళ్లకు అసలు తేడా. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథ మనందరికీ తెలుసు, అంధగజన్యాయం అని దానికో పేరు కూడా పెట్టుకున్నాం. ఆ కథ కళ్లున్నవాళ్లు కట్టిందని నా గట్టి అనుమానం. ఏ చూపులేని మనిషీ తోక పట్టుకుని "తాడు" అని చెయ్యి తీసేయడు. నాలాంటివాణ్ణి ఏనుగు దగ్గర వదిలితే, మావటివాడు వద్దన్నా దాని చుట్టూ తిరిగి, "తొండం ఎంతవరకు పైకెత్తుతుంది?" అని అడిగిగానీ వదలను. తడమడం అంటేనే ముక్కలు ముక్కలుగా తెలుసుకుని మనసులో కలుపుకోవడం. కానీ ఒక్క చిక్కుంది: చెయ్యి అందనిది, ఎవరూ చెప్పనిది కలవదు.

కోనసీమ నుంచి పదేళ్ల పిల్ల వచ్చింది, పుట్టుకతో చూపు లేదు. కొబ్బరితోటల మధ్యే పుట్టి పెరిగింది. చెట్టు కాండాన్ని వాటేసుకుని దాని మీద గంట్లు వేలితో లెక్కపెట్టేది. కొబ్బరికాయ తెలుసు, పడిపోయిన మట్ట తెలుసు, ఈనెలు తీసి చీపురు కట్టడం కూడా వచ్చు. ఒకరోజు మాటల్లో బయటపడింది ఏమిటంటే, కొబ్బరిచెట్టుకు మట్టలు తన తల దాటిన దగ్గర్నుంచీ పైదాకా వేపకొమ్మల్లా వరుసగా ఉంటాయని ఆ పిల్ల అనుకుంటోంది. ఎవరికీ చెప్పాలని తోచలేదు, ఎందుకంటే అందరికీ కనిపిస్తోంది కదా. మేం మట్టిముద్దలో పొడవాటి పుల్ల గుచ్చి, కొసన ఈనెల కట్ట కట్టి ఇచ్చాం. కింది నుంచి పైకి వేళ్లు జరుపుకుంటూ వెళ్లి, మధ్యలో ఆగి, "ఇంత పొడుగుకీ ఏమీ లేదా?" అని ఒకటే నవ్వు. తర్వాత వారం నాకే పరీక్ష పెట్టింది: "దూరంగా ఉన్న బస్సు చిన్నగా కనిపిస్తుందంటారు కదా మాస్టారూ, మరి లోపలున్న మనుషులు ఇరుక్కుపోరా?" దూరం పెరిగితే వస్తువు చిన్నదవడం అనేది కంటికి మాత్రమే ఉన్న జబ్బు. చేతికి బల్ల ఎప్పుడూ బల్లంతే ఉంటుంది. కిటికీ అద్దంలోంచి చూడొచ్చు గానీ చెయ్యి పోదు అన్నది కూడా ఇలాంటిదే.

ఇది ఇప్పటి ప్రశ్న కాదు. 1688లో ఐర్లండ్‌కు చెందిన విలియం మోలినో, తత్వవేత్త జాన్ లాక్‌కు ఉత్తరం రాసి అడిగాడు: తడిమి గోళాన్నీ ఘనాన్నీ వేరు చేయగల అంధుడికి హఠాత్తుగా చూపు వస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? దానికి గట్టి జవాబు మన దేశం పిల్లల దగ్గరే దొరికింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పనిచేసే పవన్ సిన్హా ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరుతో, పుట్టుకతో చూపులేని పిల్లలకు ఆపరేషన్లు చేయించి వాళ్లు చూడడం ఎలా నేర్చుకుంటారో పరిశీలించారు. 2011లో అచ్చయిన ఫలితం ప్రకారం, 8 నుంచి 17 ఏళ్ల మధ్యనున్న అయిదుగురు పిల్లలు అప్పుడే తడిమిన బొమ్మను కంటితో వెంటనే పోల్చుకోలేకపోయారు. కొద్ది రోజులకే ఆ లంకె కుదరడం మొదలైంది. కాబట్టి "ఆపరేషన్ అయితే అంతా కనిపిస్తుంది" అని సినిమాల్లో కట్టు విప్పే సీను నమ్మకండి.

మెదడు మాత్రం ఖాళీగా కూర్చోదు. వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి బ్రెయిలీ. అది చదువుతున్నప్పుడు చూపులేనివాళ్ల మెదడులో చూపుకు సంబంధించిన భాగం పనిచేస్తుందని 1996లోనే తేలింది. బ్రెయిలీ అంటే గుర్తొచ్చింది. మన దేశ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కూ, హిందీ 'క'కూ, ఇంగ్లీషు 'కె'కూ ఒకే రెండు చుక్కలు. అక్షరాలన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. అందుకే బ్రెయిలీలో తెలుగు ఎమ్మే చేసిన అమ్మాయి కూడా "వత్తులు నిజంగా అక్షరం కిందే వేలాడతాయా?" అని నన్ను అడిగింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఆఫీసులో ఇది రోజూ ఎదురవుతుంది. కొత్త వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, అయిదు వందలది 150. అంటే వేళ్లకు దొరికే తేడా నాలుగు మిల్లీమీటర్లు, అదీ నోటు నలగకపోతే. అంచున ఉబ్బెత్తు గీతలు పెట్టారు గానీ నాలుగు చేతులు మారాక అవి సాపు అయిపోతాయి. అందుకే నేను అయిదు వందలను నాలుగు మడతలు, రెండు వందలను రెండు మడతలు వేసి, వందను మడవకుండా పెడతాను. నా చేతికి నోట్లిచ్చేటప్పుడు "ఇది అయిదు వందలు, ఇది రెండు వందలు" అని ఒక్కొక్కటీ చెప్పి ఇస్తే చాలు.

రంగుల గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు అడుగుతారు. "ఎరుపంటే వేడి, నీలం అంటే చల్లదనం" అని పుట్టుకతో చూపులేని పిల్లలకు చెప్తుంటారు. మంచి మనసుతోనే చెప్తారు, కానీ పనికిరాదు. వేడి ఇనుము నల్లగా కూడా ఉంటుంది కదా. ఆ పిల్లలకు కావలసింది ఏమిటంటే తెల్ల చొక్కా మీద దుమ్ము తెలిసిపోతుందని, మామిడిపండు ఆకుపచ్చ నుంచి పసుపుకు మారుతుందని, పెళ్లికి ఏ రంగు చీర కట్టుకుంటారని. వీటిని వాళ్లు మీలాగే మాటల ద్వారా శుభ్రంగా నేర్చుకుంటారు. నా విద్యార్థిని ఒకావిడ బట్టల షాపులో సేల్స్‌మన్‌తో రంగుల మీద వాదన పెట్టుకుని గెలిచి వచ్చింది.

ఇప్పుడు మీ టెన్షన్ మాట. "నిన్న మ్యాచ్ చూశారా?" అని అడిగితే ఆయన నొచ్చుకుంటారేమో అని కదా. నొచ్చుకోరు. ఒకసారి మన భాషనే గమనించండి. ఉప్పు సరిపోయిందో లేదో చూడు అంటాం, నాలుకతో. వాసన చూడు అంటాం, ముక్కుతో. జ్వరం ఉందేమో చూడు అంటాం, అరచేతితో. డాక్టరు నాడి చూస్తాడు. ఇందులో కన్నెక్కడుంది? నేను కూడా సినిమా చూశాననే అంటాను. "విన్నాను" అని సవరించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. మనిషిని పట్టుకుని "గుడ్డోడు" అనడం మాత్రం తప్పే, అది మీకూ తెలుసు. "గుడ్డిగా సంతకం పెట్టేశాడు" లాంటి మాట నోరు జారితే నాలుక కరుచుకుని పది నిమిషాలు క్షమాపణలు చెప్పకండి, దాంతోనే ఎక్కువ ఇబ్బంది.

ఆయనతో మెలగడానికి నాకు ముఖ్యమనిపించేవి కొన్నే.

వచ్చినప్పుడు పేరు చెప్పండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" ఆట ఆడకండి. చెప్పకుండా లేచి వెళ్లిపోతే మనిషి ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉంటాడు. నాకు ఒక పెళ్లిలో జరిగింది, పావుగంట.

చెయ్యి పట్టుకుని లాగకండి, మీ మోచెయ్యి ఇవ్వండి. ఆయన మీ మోచేతి పైన పట్టుకుని అర అడుగు వెనక నడుస్తారు. మీ ఒళ్లు మెట్టు దిగినా, పక్కకు తిరిగినా ఆయనకు ముందే తెలుస్తుంది. వెనక నుంచి తోస్తే ఏమీ తెలియదు. అంతకంటే ముందు, సాయం కావాలా అని అడగండి. వద్దంటే వద్దనే.

"అక్కడ", "ఇదిగో ఇక్కడ" అన్న మాటలు మాకు గాలిలో కలిసిపోతాయి. "మీ కుడిచేతి వైపు, బల్ల అంచున" అనండి. తలుపు పూర్తిగా తెరవండి లేదా పూర్తిగా మూయండి, సగం తెరిచిన తలుపు అంచు నుదుటికి తగిలితే నక్షత్రాలు నాక్కూడా కనిపిస్తాయి. ఆయన బల్ల మీది వస్తువులు సర్దిపెట్టే మేలు చేయకండి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నోటీసును ఫొటోగా పెడితే, కింద రెండు లైన్లు టైపు చేయండి. ఫొటోలోని అక్షరాలు మా ఫోన్ చాలాసార్లు సరిగ్గా చదవదు. ఇక పదకొండు దండాల గుర్తులు వరుసగా పెడితే అది పదకొండూ చదివి వినిపిస్తుంది.

ఇంకొక్కటి. పరిచయమైన అయిదో నిమిషంలోనే "బొల్లా శ్రీకాంత్ తెలుసా? చూపు లేకపోయినా మచిలీపట్నం నుంచి ఎంఐటీకి వెళ్లాడు!" అని మొదలుపెట్టకండి. తెలుసు. ఆయన పేరు నాకు ఆటోడ్రైవర్ల నుంచి బ్యాంకు మేనేజర్ల దాకా అందరూ చెప్పారు. మీరు కలిసిన ప్రతి తెలుగువాడూ సత్య నాదెళ్ల గురించి మీకు చెప్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఆయన లోకం ఆయనకు ఎలా ఉంటుందన్నది, కాస్త చనువయ్యాక ఆయన్నే అడగండి. చాలామంది సంతోషంగా చెప్తారు, కొందరు "తర్వాత మాట్లాడుకుందాం" అంటారు. ఈలోగా మొదటి రోజు క్యాంటీన్‌కు కలిసి వెళ్తే, ప్లేటు ముందు పెట్టాక ఒక్క మాట చెప్పండి: గడియారంలో మూడు ఉండే చోట సాంబారు గిన్నె ఉంది, వేడిగా ఉంది, నిండుగా ఉంది.